పదిహేడో నంబరు ఖాళీ

మా సంస్థలో నలభై రెండుమందిమి ఆరోగ్యవంతులం. ఈ సంగతి మెమో వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

మాది ఊపిరితిత్తుల వ్యాధుల పరిశోధన సంస్థ. ఊరి చివర పాత పెంకుల భవనం ఒకటి, కొత్త అద్దాల భవనం ఒకటి. పెంకుల భవనంలో ఫైళ్లు ఉంటాయి, అద్దాల భవనంలో కంప్యూటర్లు ఉంటాయి. మధ్యలో సైకిల్ షెడ్డు. ఆ షెడ్డు వెనక నిలబడి రోజుకు నాలుగు సిగరెట్లు కాల్చే సీనియర్ అసిస్టెంటును నేనే. పేరు చిలుకూరి భానుమూర్తి, బి-సెక్షన్. ఊపిరితిత్తుల సంస్థలో పనిచేస్తూ సిగరెట్టేమిటయ్యా అని అడుగుతారేమో. నేను చూసేది ఊపిరితిత్తుల్ని కాదు, వాటి తాలూకు ఉత్తరాల్ని.

కిందటేడు అద్దాల భవనంలోకి నౌషీన్ అని ఒక డాక్టరమ్మ వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, కంప్యూటర్లో రక్తాన్ని చదివే డాక్టరు. బయోఇన్ఫర్మాటిక్స్ అంటారట. ఆ మాటను ఉత్తరాల్లో టైపు చేసి చేసి నాకు వేళ్లు నొప్పులు పుట్టాయి కాబట్టి ఒకరోజు వెళ్లి, అసలు దాని అర్థమేమిటో చెప్పమన్నాను.

"మన రక్తంలో వేల రకాల పదార్థాలు తిరుగుతుంటాయండీ" అందా అమ్మాయి. "ఊపిరితిత్తిలో క్యాన్సరు గడ్డ మొదలైందనుకోండి. దగ్గు రాకముందే, ఎక్స్‌రేలో కనపడకముందే వాటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఏవేవన్నది మనిషి కూర్చుని తేల్చలేడు. జబ్బున్నవాళ్ల రక్తం, లేనివాళ్ల రక్తం పక్కపక్కన పెట్టి కంప్యూటర్‌తో వెతికించాలి. ఆ గుర్తులు దొరికాయంటే, గడ్డ శనగ్గింజంత ఉన్నప్పుడే తీసేయొచ్చు. మనిషి బతుకుతాడు."

అంతేనా, ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరా అనుకున్నాను. చెప్పొద్దూ, నచ్చింది కూడా.

మా డైరెక్టరు డాక్టర్ శశిభూషణ్ గారికి ఇంకా నచ్చింది. ముఖ్యంగా 'ముందస్తు' అన్న మాట ఆయనను పట్టుకుంది. ఆ నెల నుంచి మా దగ్గర సమీక్షలన్నీ ముందస్తు సమీక్షలయ్యాయి. ఆగస్టు పదిహేను జెండా వందనానికి పదమూడునే ముందస్తు వందనం చేయించారు.

జబ్బున్నవాళ్లకు మా వార్డులో కొదవ లేదు. వచ్చిన చిక్కంతా లేనివాళ్లతోనే. ఆరోగ్యంగా ఉన్నవాడు ఊపిరితిత్తుల ఆసుపత్రికి ఎందుకొస్తాడు, వచ్చినా రక్తమెందుకిస్తాడు? డైరెక్టరు గారు దీన్ని ఒక్క మెమోతో తేల్చేశారు. 'పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, సంస్థ సిబ్బంది నలభై రెండుమందిని ఈ తేదీ నుండి ఆరోగ్యవంతులుగా ప్రకటించడమైనది. ఇందుకు భిన్నముగా ప్రవర్తించువారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును.'

నౌషీన్ గారు పరుగున వచ్చింది. "పరీక్షలు చేయకుండా ఆరోగ్యవంతులని ఎలా అంటాం సార్?"

"అమ్మా, పరీక్షించినచో వ్యాధి బయల్పడు ప్రమాదమున్నది" అన్నారు డైరెక్టరు గారు ఓపిగ్గా. "ప్రకటించినచో అట్టి ప్రమాదము లేదు."

ఆ మరుసటి వారమే మా డ్రైవరు సింహాద్రి జ్వరంతో సెలవు చీటీ పెట్టాడు. పరిపాలనాధికారి త్రినాథరావు గారు చీటీని వేళ్ల కొసలతో పట్టుకుని, "మెమో ఉండగా నీకు జ్వరం ఎలా వచ్చిందయ్యా? అంటే డైరెక్టరు గారు తప్పు రాశారనా నీ ఉద్దేశం?" అని అడిగారు. సింహాద్రి బెదిరిపోయి, కాదండి, కొంచెం చలిగా ఉందంతేనండి అన్నాడు. ఆ వారమంతా స్వెట్టర్ వేసుకుని జీపు నడిపాడు. జీపెక్కడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఇక్కడ కనకమహాలక్ష్మి గారి గురించి చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు గానీ, చెప్పకపోతే కథ నడవదు.

ఆవిడ ఎ-సెక్షన్ సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడా నేనూ ఒకే రోజు, ఒకే ఉదయం ఉద్యోగంలో చేరాం. వచ్చిన కాగితాలు నమోదు చేసే రిజిస్టరులో నా చేరిక పత్రం ఇన్‌వర్డ్ నంబరు 211. ఆవిడది 212. దీన్నిబట్టి నేను సీనియర్నని కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. ఆవిడ వాదనేమిటంటే, ఆఫీసులో ముందు అడుగుపెట్టింది తనేనట. ఇన్‌వర్డ్ గుమాస్తా సీట్లో లేకపోతే మంచినీళ్లు తాగడానికి వెళ్లిందట. ఈలోగా నేను దూరిపోయానట. 'దూరిపోయాడు' అన్న మాటను ఆవిడ కోర్టు కాగితాల్లో కూడా రాయించింది.

మా సంస్థ చిన్నది కాబట్టి అందరికీ కలిపి ఒకటే సీనియారిటీ జాబితా. మొదటి జాబితాలో నేను పదిహేడు, ఆవిడ పద్దెనిమిది. ఆవిడ అర్జీ పెట్టుకుంటే సవరించి ఆవిడను పదిహేడు, నన్ను పద్దెనిమిది చేశారు. నేను ఊరుకుంటానా? కోర్టుకెళ్లి స్టే తెచ్చాను. అది జరిగి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి మాలో సీనియరుకు దక్కాల్సిన సూపరింటెండెంటు కుర్చీ ఖాళీగా ఉండి, పాత టైపు మిషనుకు ఆసనమైంది. హాజరుపట్టీలో మా ఇద్దరినీ ఒకే గడిలో, మధ్యలో గీత గీసి పక్కపక్కన రాస్తారు. ఒక నెల ఎడమవైపు నేను, ఒక నెల ఆవిడ. తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. ఏదైనా అవసరమైతే నోట్ ఫైలు మీద రాసుకుంటాం. రెండు సెక్షన్లూ ఒకే హాల్లో, మా కుర్చీల మధ్య దూరం పదడుగులు.

ఇంకొక్క మాట. ఎ-సెక్షన్ కిటికీ సైకిల్ షెడ్డు వెనక్కి తెరుచుకుంటుంది. ఆవిడ ఆ కిటికీకి ఫైలు అట్టలు కట్టించి ఏళ్లయింది. అదంతా నన్ను అవమానించడానికేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

సరే, రక్తాలు తీసే రోజు వచ్చింది. మా ఆఫీసులో లడ్డూలు పంచినా సీనియారిటీ ప్రకారమే పంచాలి, లేకపోతే ఫిర్యాదులొస్తాయి. రక్తమూ అంతే. హెచ్-1 నుంచి హెచ్-42 దాకా చీటీలు రాశారు. హెచ్ అంటే హెల్తీ అట. సమావేశం గదిలో రెండు బల్లలు వేశారు. ఒకదాని దగ్గర చెయ్యి తిరిగిన టెక్నీషియను, రెండోదాని దగ్గర అదే వారం పనిలో చేరిన అమ్మాయి. పదహారో నంబరు మా స్టోర్‌కీపరు లింగరాజు. కొత్తమ్మాయి అతని నరం కోసం మూడుచోట్ల పొడిచింది. మూడోసారికి లింగరాజు వాళ్లమ్మను తలచుకున్నాడు.

"పదిహేడు ఎవరండీ?" అని పిలిచిందా అమ్మాయి.

కనకమహాలక్ష్మి గారు డైరెక్టరు గారి గదిలో ఉన్నారు. మా ఇద్దరిలో అక్కడ బల్లల దగ్గర ఉన్నది నేనొక్కణ్ణే. తొమ్మిదేళ్లుగా నాది నాది అని కొట్లాడుతున్న నంబరు అది. నేను లింగరాజు చెయ్యి చూశాను, ఆ సూది చూశాను.

"పదిహేడు కనకమహాలక్ష్మి గారు" అన్నాను. "ఆవిడే సీనియరు. వస్తారు, కూర్చోబెట్టండి. నేను పద్దెనిమిది." అని చెప్పి పాత టెక్నీషియను దగ్గర చెయ్యి చాపాను. చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఆవిడ వచ్చేసరికి నేను వెళ్లిపోయాను. పదిహేడో చీటీ అంటించిన గొట్టం ఆవిడ కోసం సిద్ధంగా ఉంది. ఆ చీటీ మీద నంబరెంతో ఆవిడ చూడలేదు. ఆ తర్వాత నేను పదిహేడుగా రక్తమిచ్చానని నేనూ, తను పదిహేడుగా ఇచ్చానని ఆవిడా ఆఫీసంతా చెప్పుకున్నాం. పాత టెక్నీషియనుకు ఏ నంబరు ఎవరిదో గుర్తు లేదు, కొత్తమ్మాయి నెల తిరక్కుండానే వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేనే ఆవిడను సీనియరన్నానని బయటికొస్తే కోర్టులో నా పని అయిపోయినట్టే. అందుకని నోరు మూసుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సోమవారం నౌషీన్ గారు ముఖం పాలిపోయి డైరెక్టరు గదికి వచ్చింది. మినిట్స్ రాయడానికి నేనక్కడే ఉన్నాను.

"సార్, పదకొండు గుర్తులు దొరికాయి. అవి కలిసి పెరిగితే క్యాన్సరు మొదలైందని అనుమానించొచ్చు. కానీ మన ఆరోగ్యవంతుల్లో హెచ్-17 రక్తంలో పదకొండూ పెరిగి ఉన్నాయి. మూడుసార్లు నడిపించాను. మూడుసార్లూ కంప్యూటర్ ఆ నమూనాను రోగుల గుంపులోనే వేస్తోంది."

"హెచ్-17 ఆరోగ్యవంతుడే కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు. "మెమో నంబరు ఉదహరించమంటావా?"

"సార్, ఇది తీర్పు కాదు, అనుమానమే. స్కాన్ చేస్తే తేలిపోతుంది. మిషను మనదే, పావుగంట పని. హెచ్-17 ఎవరో చెప్పండి చాలు."

దాతల పేర్లు గోప్యం కాబట్టి, సీలు వేసిన కవరులో పెట్టి బీరువాలో దాచారు. ఆ కవరు విప్పడానికి కమిటీ కావాలి. కమిటీ వేయడానికి ఇంకో కమిటీ. ముందస్తు నిర్ధారణ కాబట్టి త్వరగా కానిచ్చి, మూడు వారాల్లోనే కవరు విప్పారు. లోపల త్రినాథరావు గారి చేతిరాతతో ఒక్కటే వాక్యం ఉంది: 'నమూనాల వరుస: అమలులో ఉన్న సీనియారిటీ జాబితా ప్రకారము.'

"పేర్లేవండీ?" అంది నౌషీన్ గారు.

"పేర్లు రాస్తే గోప్యత ఎక్కడుంటుందమ్మా?" అన్నారు త్రినాథరావు గారు. ఆయన ముఖంలో తృప్తి కనపడింది. కాసేపటికి జాబితా తెప్పించి పదిహేడో వరుస మీద వేలు పెట్టాక ఆ తృప్తి తగ్గింది. "అయితే ఒక ఇబ్బంది. పదిహేడు ఎవరన్నది న్యాయస్థానము పరిధిలో ఉన్నది. భానుమూర్తి కావచ్చును, కనకమహాలక్ష్మి కావచ్చును."

అందరూ నా వైపు తిరిగారు. నేను మినిట్స్ రాసుకుంటున్నాను. 'భానుమూర్తి కావచ్చును' అని కూడా రాశాను.

"ఇద్దరికీ స్కాన్ చేసేద్దాం సార్" అంది నౌషీన్ గారు. "అర్ధగంట."

"ఇద్దరికీ చేసినచో ఇద్దరూ పదిహేడేనని సంస్థ అంగీకరించినట్లగును" అన్నారు త్రినాథరావు గారు. "అది కోర్టు ధిక్కారము."

"పోనీ ఇద్దరి రక్తం మళ్లీ తీద్దాం."

"ఏ నంబరు వేసి తీస్తారమ్మా?"

డైరెక్టరు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆలోచించారు. "డాక్టర్ నౌషీన్, నీవు తొందరపడుచున్నావు. మన పరిశోధన ఏమి చెప్పుచున్నది? హెచ్-17 కు వ్యాధి వచ్చునని. ఇప్పుడే స్కాన్ చేసి, శస్త్రచికిత్స చేయించి, ఆ వ్యక్తిని బాగుచేసితిమనుకో. మనము చెప్పినది నిజమని లోకమునకు ఎట్లు తెలియును? రెండేళ్లు వేచి చూతము. వ్యాధి ముదిరి బయల్పడినచో మన ముందస్తు నిర్ధారణ నూటికి నూరుపాళ్లు రుజువైనట్లే. ఎంత గొప్ప ప్రచురణ అగును!"

నౌషీన్ గారు కాగితాలు సర్దుకుని లేచింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వరండాలో నేను ఎదురుపడితే నా చేతులు పట్టుకుని, "అంకుల్, మీరు బయట స్కాన్ చేయించుకోండి, ఆలస్యం చేయకండి" అంది. అందరిలాగే ఆ అమ్మాయీ హెచ్-17 నేనే అనుకుంది. సిగరెట్లు కాల్చేది నేను కదా.

ఆఫీసంతా నన్ను చూసే తీరు మారిపోయింది. లింగరాజు నాకు కుర్చీ జరిపాడు. సింహాద్రి దారిలో కనపడి జీపులో ఎక్కించుకున్నాడు. అడగకుండానే కాంటీన్‌లో రెండో వడ వేశారు. నేను చలించకుండా తిరుగుతుంటే, భానుమూర్తి గారి గుండె ధైర్యమే ధైర్యం అన్నారు. ధైర్యమెందుకుండదు? జబ్బు నాది కాదని నాకు తెలుసుగా.

ఎదురుగా పదడుగుల దూరంలో ఆవిడ కూర్చుని ఫైళ్లు రాస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను. కంప్యూటర్ పొరబడి ఉండొచ్చు, అనుమానమేనని ఆ అమ్మాయే అంది అనుకున్నాను. కోర్టులో వాయిదా వచ్చే నెలే అని కూడా అనుకున్నాను. సిగ్గువిడిచి చెబుతున్నాను, ఇలా పదకొండు రోజులు అనుకున్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆవిడ లేచి, ఆ పదడుగులూ నడిచి నా బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, ఒక కాగితం.

"భానుమూర్తి గారూ" అంది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ గొంతు నన్ను పిలిచింది. "నువ్వులుండలు. మా పిన్ని పంపింది. తినండి, అలగ నీరసంగా ఉంటే ఎలాగ?"

నేను ఒక ఉండ తీసుకున్నాను.

"ఇదిగో, ఇది కూడా చూడండి. నిన్ననే ఇన్‌వర్డ్‌లో ఇచ్చేశాను. ఇది మీ కాపీ."

చూశాను. 'సీనియారిటీ జాబితాలో పదిహేడవ స్థానము శ్రీ భానుమూర్తి గారిదేనని, నాది పద్దెనిమిదవ స్థానమని మనస్ఫూర్తిగా అంగీకరించుచున్నాను. వివాదము ముగిసినందున వారికి తక్షణము స్కాన్ చేయించవలసినదిగా ప్రార్థన.' కింద సంతకం. ఒక్క అక్షరదోషం లేదు. తొమ్మిదేళ్లు నేను కోర్టు చుట్టూ తిరిగింది ఈ కాగితం కోసమే.

"ఏటండీ అలగ చూస్తారు?" అంది. "కుర్చీ ఏటి, పోతే పోయింది. దాని మీద టైపు మిషను కూర్చుని ఉంది, నేనెక్కడ కూర్చుంటాను? మీకేటైనా అయితే నేనెవరి మీద కేసేస్తాను చెప్పండి?"

 ఆవిడకు నా మీద నిజంగా జాలేసింది. నాకు ఆ క్షణంలో ఎంత అసహ్యమేసిందో చెప్పలేను, నా మీద నాకే. నువ్వులుండ చేతిలో పట్టుకుని, లింగరాజు చెయ్యి దగ్గర్నుంచి కొత్తమ్మాయి సూది దాకా అన్నీ చెప్పేశాను. పదిహేడు మీరేనండీ అన్నాను. నేనే చెప్పానన్నాను. పదకొండు రోజులు దాచానని కూడా చెప్పాను.

ఆవిడ నా ఎదురు కుర్చీలో కూర్చుంది. చాలాసేపు కిటికీ అట్టల వైపు చూసింది.

"అయితే మీ నోటితో మీరే అన్నారన్నమాట, నేను సీనియరునని" అంది చివరికి.

"అన్నానండీ."

"ఎవరూ వినకుండా."

"ఆ కొత్తమ్మాయి విందండీ."

"నాకు దగ్గు కూడా లేదు కదండీ" అంది.

"ముందుగా అంటే అదేనటండీ."

లేచి నేరుగా త్రినాథరావు గారి గదికెళ్లి, నా వాంగ్మూలం అక్కడే నిలబడి రాసిచ్చాను. రక్తం తీసిన రోజున నేనే కనకమహాలక్ష్మి గారిని పదిహేడుగా, నన్ను పద్దెనిమిదిగా చెప్పితిని, ఆమెకు వెంటనే స్కాన్ చేయగలరు అని. ఆయన నా కాగితాన్ని చదివి, నిన్నటి ఆవిడ కాగితాన్ని తీసి పక్కన పెట్టి, రెంటినీ మళ్లీ చదివారు. ఆయన ముఖంలోకి ఆ పాత తృప్తి తిరిగొచ్చింది. వెంటనే రెండు కాగితాలూ పట్టుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లారు. వెనకే నేనూ. నౌషీన్ గారు అప్పటికే అక్కడుంది.

"శుభవార్త సార్" అన్నారు త్రినాథరావు గారు. "సమస్య పరిష్కారమైనది. తాను పద్దెనిమిదినని కనకమహాలక్ష్మి రాసియిచ్చినది. తాను పద్దెనిమిదినని భానుమూర్తియును రాసియిచ్చినాడు. ఇద్దరివీ సంతకములున్నవి. కావున ఇద్దరును పద్దెనిమిది. పదిహేడవ స్థానము ఖాళీ."

"అనగా?"

"అనగా హెచ్-17 అను వ్యక్తి లేడు సార్. ఖాళీ స్థానమునకు క్యాన్సరు రాదు."

డైరెక్టరు గారు చాలాసేపు ఆయనను మెచ్చుకోలుగా చూశారు. "రెండేళ్ల పరిశీలన పోయినందుకు విచారముగా ఉన్నది" అన్నారు. "అయినను ఆరోగ్యవంతులలో రోగి లేడని తేలినది. ఫైలు మూసివేయుడు."

నేను గట్టిగానే మాట్లాడాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. ఆవిడ పేరు చెప్పాను, నంబరు కాదు సార్ మనిషి అన్నాను. పద్దెనిమిదవ నంబరు వారు తమ అభ్యంతరాలను తగిన మార్గంలో సమర్పించుకోవచ్చునన్నారు త్రినాథరావు గారు.

వరండాలో నౌషీన్ గారు నా వెంట వచ్చి, ఒక చీటీ మీద విశాఖలోని స్కాన్ సెంటరు పేరు రాసి ఇచ్చింది. "నేను ఫోన్ చేసి చెబుతాను. రేపే వెళ్లండి. మీరిద్దరూ చేయించుకోండి" అంది.

సెలవు చీటీలు రెండు పెట్టాం. త్రినాథరావు గారు ఒకటి తిప్పి పంపారు. ఇద్దరం పద్దెనిమిదే కాబట్టి ఒక సెలవు చాలుతుందని రాశారు. ఆయన పుణ్యాన ఒక్క క్యాజువల్ లీవు మీద ఇద్దరం విశాఖ బస్సెక్కాం.  దారిలో పద్మనాభం ఊరు దాటాక ఆవిడ, ఆ రోజు మంచినీళ్లకు వెళ్లకుండా ఉండాల్సిందండీ అంది. ఇరవై రెండేళ్ల కిందటి మంచినీళ్లు. నేను దూరిన మాట నిజమేనండీ అన్నాను. నాకు తెలుసులెండి అంది.

స్కాన్ సెంటరులో కౌంటరు దగ్గరున్న అమ్మాయి మా కాగితాలు తీసుకుని, "ఎవరు ముందు?" అని అడిగింది.

"ఆవిడే సీనియరు" అన్నాను. ఈసారి ఆవిడ పక్కనే ఉండి వింది.

నా ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట, పొగ మచ్చలు తప్ప. ఆవిడ కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగ్గింజంత చుక్క ఒకటి ఉంది. ఆ బొమ్మ చూసి నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. జేబులో సిగరెట్టు పెట్టె ఉంది. ఆ కిటికీ అట్టలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత నౌషీన్ గారిని అడిగాను, నా పొగ వల్లేనా అని. ఎవరూ చెప్పలేరండీ, ఏ పొగా తగలనివాళ్లకూ వస్తుంది అంది. ఆ అమ్మాయి మంచిది, అబద్ధం చెప్పే రకం కాదు. అయినా నేను ఆ జవాబును పూర్తిగా నమ్మలేకపోయాను.

ఇరవై రోజుల్లో ఆపరేషన్ అయింది. కోసిన డాక్టరు ఆశ్చర్యపోయాడట. "ఇంత ముందుగా ఎలా కనిపెట్టారమ్మా?" అని అడిగితే ఆవిడ, "కనిపెట్టలేదండీ, ఒప్పుకున్నారు" అందట.

ఇటు ఆఫీసులో ఆవిడ మెడికల్ లీవు తిరస్కరించారు. ఆరోగ్యవంతురాలిగా ప్రకటింపబడిన ఉద్యోగినికి మెడికల్ లీవు ఎలా వర్తిస్తుంది? దానికి తోడు ఒక మెమో కూడా: 'ముందస్తు అనుమతి పొందకుండా బయటి సంస్థలో తమ వ్యాధిని నిర్ధారణ చేయించుకొనినందులకు సంజాయిషీ ఇవ్వవలెను.' నౌషీన్ గారి పరిశోధన అచ్చయింది. అందులో హెచ్-17 లేదు. నలభై ఒక్కమంది ఆరోగ్యవంతులు, అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. నౌషీన్ గారు తన పేరు తీసేయమని రాసిచ్చి, రాజీనామా చేసి వేరే ఊరు వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆ పదకొండు గుర్తుల జాబితాను పట్టుకెళ్లిందని, ఎక్కడో వాటితోనే పని చేస్తోందని విన్నాను.

హాజరుపట్టీలో పద్దెనిమిదో గడిలో మా ఇద్దరి పేర్లు రాసి, పదిహేడో గడిని ఖాళీగా వదిలారు. ఖాళీ గడి అంటే త్రినాథరావు గారికి పడదు. రోజూ పదిన్నరకు అందులో ఎర్రసిరాతో గైర్హాజరు గుర్తు పెట్టేవారు. మూడు నెలల ఎర్రసిరా నిండాక నోటీసు బోర్డు మీద ఒక నోటీసు అంటించారు: 'సీనియారిటీ జాబితాలోని పదిహేడవ నంబరు ఉద్యోగి తొంబది దినములుగా అనుమతి లేకుండా విధులకు గైర్హాజరగుచున్నారు. పదిహేను దినములలోగా సంజాయిషీ ఇవ్వనిచో సర్వీసు నుండి తొలగించబడుదురు.'

పద్నాలుగో రోజున ఆవిడ వచ్చింది. చిక్కిపోయింది, మెట్లెక్కి ఒకసారి ఆగింది. ఎ-సెక్షన్ వైపు వెళ్లి కిటికీ అట్టలు లేకపోవడం చూసి నా వైపు తిరిగింది. నేనే విప్పేశాను, షెడ్డు వెనక ఇప్పుడెవరూ నిలబడరు. ఆవిడ బయటికొచ్చి నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఆ నోటీసును నింపాదిగా చదివింది. చదివి, తన బల్ల దగ్గరికెళ్లి తెల్ల కాగితం తీసుకుని రెండే రెండు వాక్యాలు రాసి, తెచ్చి నా ముందు పెట్టింది.

'పదిహేడవ నంబరు బతికే ఉన్నది. ఈ ఉదయము విధులలో చేరినది.'

"ఇన్‌వర్డ్ గుమాస్తా సీట్లో ఉన్నాడా?" అంది.

"మంచినీళ్లకు వెళ్లాడండీ" అన్నాను.

"అయితే మీరే వేసేయండి" అంది.

నేనే రిజిస్టరు తెచ్చుకుని, తేదీ వేసి, ఆవిడ కళ్లముందే ఆ కాగితానికి నంబరు వేశాను.